పోయినవాళ్ల వంతు

ఆ కిడ్నీ ఆసుపత్రిలో నేలకింది అంతస్తు చివరి గది గురించి మంచి మాట చెప్పినవాళ్లు లేరు.

ఒకప్పుడు అది శవాల గది. కొత్త భవనం లేచాక శవాలని అటు మార్చారు గానీ, గదిలో చలి మాత్రం గదిలోనే ఉండిపోయింది. ఊరికే పోనివ్వడమెందుకు, కంప్యూటర్లకి చల్లదనం కావాలిగా అని ఆసుపత్రి మెషిన్లన్నీ తెచ్చి అందులో పెట్టారు. గోడలో శవాలని తోసే స్టీలు సొరుగులు అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో వైర్ల చుట్టలుంటాయి.

"ఆ గదిలోకి వెళ్లింది వెళ్లినట్టు బయటికి రాదమ్మా," అనేవాడు లిఫ్టు నడిపే తాత. ఏం వెళ్లింది, ఏం వచ్చింది అని అడిగితే మాత్రం మాట మార్చేసేవాడు.

రాత్రి డ్యూటీ సిస్టర్లయితే గది పేరు కూడా ఎత్తరు. "కింద" అని, కళ్లతో నేలని చూపిస్తారు... అంతే.

ఆ కిందున్న పెద్ద మెషిన్ని అందరూ "లైవ్" అంటారు. ఆసుపత్రి వెబ్‌సైటు నడిచేది దాని మీదే; రోగులు చూసేది, కౌంటర్లో కనపడేది అందులోదే. పోయినవాళ్ల గదిలో లైవ్ ఏంటే అని సిస్టర్లు నవ్వుకునేవాళ్లు. పగటిపూట మాత్రమే.

వెబ్‌సైటు పని చూసే పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్లు. మనిషి పిసరంత, కుదురుగా కూర్చోదు, మాట ఆగదు. ఆ పేరు పెట్టింది అక్క. అక్కంటే తోడబుట్టింది కాదు, కంప్యూటర్ల విభాగానికి పెద్ద. ఏళ్ల తరబడి ఆ విభాగాన్ని ఒంటిచేత్తో ఈదుకొచ్చిన మనిషి. పిచ్చుక చేరిన రోజునే పక్క కుర్చీ లాగి కూర్చోబెట్టింది. తన డబ్బాలో సగం అన్నం మూతలో పెట్టి ఇచ్చింది. పాస్‌వర్డ్ పెట్టుకోవడం దగ్గర్నుంచి పెద్ద డాక్టరు ముందు నోరు కట్టేసుకోవడం దాకా అన్నీ నేర్పింది.

డయాలిసిస్ వంతుల పేజీ పిచ్చుక మొదటి పెద్ద పని. ఎవరికి వారంలో ఏ రోజు, ఏ మంచం — రోగి ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చూసుకోవచ్చు. పైన తన కంప్యూటర్లో అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎక్కడా తేడా లేదు. అక్క కూడా చూసి, "బంగారంలా ఉందే," అంది.

లైవ్‌లో పెట్టారు. కొన్నాళ్లు బంగారంలానే నడిచింది.

ఒకరోజు పొద్దున కౌంటర్లో సిస్టరు పేర్లు చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఈవిడ..." అంది, గొంతు తగ్గించి. "టైలరమ్మ కదూ?"

టైలరమ్మ పోయి చాలా రోజులైంది. ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీదే పోయింది. ఇప్పుడు తెర మీద ఆవిడ పేరు, అదే మంచం... ఈ రోజు వంతు!

పిచ్చుక పైకి పరిగెత్తి తన కంప్యూటర్లో చూసింది. టైలరమ్మ పేరు లేదు. అక్కడ అంతా సవ్యంగా ఉంది.

లైవ్‌లో పేరు తీసేసింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి టైలరమ్మ ఒక్కతే కాదు. పోయినవాళ్లు ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు.

ఊళ్లో పుకారుకి కాళ్లుంటే ఆసుపత్రిలో పుకారుకి చక్రాలుంటాయి. మధ్యాహ్నానికి వార్డులన్నిటికీ పాకిపోయింది — కింద ఉన్నవాళ్లు మళ్లీ వంతు అడుగుతున్నారట.

పెద్ద డాక్టరు పిలిపించాడు. "నా కంప్యూటర్లో బాగానే ఉందండీ," అంది పిచ్చుక.

"అయితే నీ కంప్యూటరు తెచ్చి రోగుల ముందు పెట్టమంటావా?"

పిచ్చుక నోరు కట్టేసుకుంది.

ఇక ఆ పిల్లకి తిండీ నిద్రా లేవు. పైన నడిచింది కింద నడవడం లేదంటే రెండిటికీ మధ్య ఏదో ఒకటి తేడా ఉండాలి. రెండు గడియారాలూ కలిపి చూసింది. రెండు చోట్లా ప్రోగ్రాము అక్షరం అక్షరం పోల్చింది. ఫైళ్ల పేర్లలో ఎక్కడైనా చిన్నక్షరం బదులు పెద్దక్షరం పడిందేమో అని వెతికింది. సాయంత్రం రెండూ కవల పిల్లల్లా ఉండేవి. పొద్దున చూస్తే కిందది... పాతబడిపోయేది. తను ఎప్పుడో సరిచేసిన తప్పులు కూడా తిరిగొచ్చి కూర్చునేవి.

జాబితాని ఎవరు ముట్టుకుంటున్నారో రాసిపెట్టే కాపలా ఒకటి ప్రోగ్రాములోనే పెట్టింది. తెల్లారేసరికి ఆ కాపలా కూడా మాయం.

చివరికి మెషిన్ తన మట్టుకు తను దాచుకునే లెక్క తీసింది. లోపలికి ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు అని ఉంటుంది అందులో. రాత్రి, ఆసుపత్రి నిద్రపోయే వేళ ఎవరో లోపలికి వచ్చారు.

వచ్చిన మనిషి పేరు — తనదే.

ఆ వేళకి తను ఇంట్లో, అమ్మ పక్కన, దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంది.

పాస్‌వర్డ్ మార్చింది. మర్నాడు మళ్లీ తన పేరే!

ఎవరితో చెప్తుంది? అక్కతోనే చెప్పింది. అక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, మెల్లిగా, "నిద్రలో నడిచే అలవాటేమైనా ఉందా నీకు?" అని అడిగింది.

"లేదక్కా."

"అయితే వదిలెయ్. ఆ గది సంగతి నీకు తెలీదు. పొద్దు గూకాక నేను ఆ మెట్లు దిగి ఎరగను. నువ్వూ దిగకు. అంతగా అయితే ఈ పని వద్దని రాసిచ్చి వెళ్లిపో తల్లీ... ప్రాణం కన్నా ఎక్కువా?"

అందరి పాస్‌వర్డ్లూ తెలుసుకోగలిగిన మనిషి ఆసుపత్రిలో అక్క ఒక్కతే. ఆ సంగతి పిచ్చుకకి తెలుసు. తెలిసీ తట్టలేదు. అక్కని అనుమానించడమంటే ఇంట్లో అమ్మని అనుమానించడమే కదా.

నిజంగానే మానేసేదేమో. కానీ మర్నాడు డ్రైవర్ బాబాయ్ వచ్చాడు.

బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. కూతురి భుజం పట్టుకుని, కాళ్లు వాచిపోయి, మెల్లగా నడుస్తూ వచ్చాడు. ఫోన్లో రాత్రి చూసినప్పుడు ఆయన వంతు ఉంది. కౌంటర్లో లేదు. ఆయన మంచం ఇంకెవరికో రాసుంది. ఆ ఇంకెవరో పోయినవాళ్లే. కానీ కౌంటర్లో కొత్త సిస్టరుకి ఆ సంగతి తెలీదు. రేపు రమ్మని పంపేసింది.

ఆ సాయంత్రమే ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కేసింది. ఐసీయూ బయట బల్ల మీద ఆ కూతురు కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తండ్రి చెప్పులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది.

పిచ్చుక ఆ బల్ల దాటి నడవలేకపోయింది.

అమ్మకి ఫోన్ చేసి పనుంది, రాత్రికి రాను అని చెప్పింది. లిఫ్టు ఎక్కలేదు, మెట్లు దిగింది. కాపలా పెడితే కాపలానే మాయమవుతోంది. ఇంక మిగిలింది తనే వెళ్లి కూర్చోవడం.

దీపం తీసేసి, మెషిన్ల బీరువా వెనక, గోడకి ఆనుకుని కూర్చుంది. చలి. చిన్న చిన్న పచ్చ దీపాలు ఆరుతూ వెలుగుతూ... ఫ్యాన్ల హోరు. కొంతసేపయ్యాక ఆ హోరులో మాటలు వినిపిస్తున్నట్టు అనిపించింది. చెవులు మూసుకుంది. తీసింది. మళ్లీ హోరే.

ఎంతసేపైందో తెలీదు...

తలుపు కిర్రుమంది.

దీపం వెయ్యలేదు, వచ్చిందెవరో. చెప్పుల చప్పుడు లేదు. తల మీంచి మోకాళ్ల దాకా తెల్లగా ఏదో కప్పుకున్న ఆకారం గోడవైపు నడిచింది. చీకట్లో తడుముకోలేదు. దారి బాగా తెలిసినట్టు తిన్నగా నడిచింది.

సొరుగు లాగిన చప్పుడు.

శవాల సొరుగు. స్టీలు మీద స్టీలు రాసుకుంటూ... మెల్లగా... పూర్తిగా బయటికి.

పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ ఆకారం సొరుగులోంచి ఏదో తీసుకుంది. మెషిన్ ముందు కూర్చుంది. తెర వెలిగింది. తెర మీద పేర్లు ఒకటొకటిగా మారుతున్నాయి. టైలరమ్మ వచ్చింది. పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ తమ మంచాల పక్కన చేరుతున్నారు...

తెర వెలుతురు మొహం మీద పడింది.

అక్క.

తెల్లటి శాలువా, చలికి తల మీద కప్పుకుంది. చేతిలో అరచెయ్యంత డిస్కు. పాత జాబితా, పాత ప్రోగ్రాము, ఎప్పటిదో కాపీ. దాన్ని తెచ్చి రోజూ కొత్తదాని మీద పరిచేస్తోంది.

"అక్కా..."

అక్క ఉలిక్కిపడలేదు. వెనక్కి తిరగలేదు కూడా.

"వద్దన్నాను కదే," అంది. "నా మాట ఎప్పుడు విన్నావు?"

"ఎందుకక్కా?"

"తెలీనట్టు అడక్కు. నా కుర్చీ నువ్వు అడిగావటగా. పెద్ద డాక్టరే చెప్పాడు. ఆ పిల్లకి పనంతా వచ్చు, మీరింక విశ్రాంతి తీసుకోండి అన్నాడు."

"నేను అడగలేదక్కా. అమ్మ మీద ఒట్టు."

అప్పుడు తిరిగింది. పిచ్చుక మొహంలోకి చూసింది. "అడిగావో లేదో," అంది. "కుర్చీ అయితే పోతోందిగా. నాలుగు రోజులు గందరగోళమైతే మళ్లీ నన్నే పిలుస్తారనుకున్నాను. వచ్చి నేను సరిచేసేదాన్ని. అంతే. అంతకన్నా ఏం లేదు."

"డ్రైవర్ బాబాయ్ ఐసీయూలో ఉన్నాడు."

అక్క చేతిలోంచి డిస్కు జారి ఒళ్లో పడింది.

"ఎవరి పేరు పోతుందో నేను చూడలేదే," అని గొణిగింది. "చూడలేదు... పిచ్చుకా, నిజంగా చూడలేదు." శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది.

కోపం రావాల్సింది. రాలేదు. ఏడుస్తున్న మనిషి అక్క. పిచ్చుక నేల మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఫోన్ జేబులోనే ఉంది. ఫోటో తియ్యాలనే ఊహ కూడా రాలేదు. అక్కని ఫోటో తీసి ఎవరికి చూపిస్తుంది?

"పొద్దున నేనే వెళ్లి చెప్పేస్తాను," అంది అక్క, మొహం తుడుచుకుని. "నా నోటితో నేనే చెప్తాను. నువ్వు జాబితా సరిచెయ్యి తల్లీ. రేపటి వంతులవాళ్లకి ఇబ్బంది కాకూడదు."

ఆవిడ వెళ్లిపోయింది. పిచ్చుక ఒక్కతే ఆ గదిలో కూర్చుని తెల్లారేదాకా పేర్లు సరిచేసింది. ఒక్కో పేరూ వార్డు నుంచి తెచ్చిన కాగితాలతో పోల్చి, బతికున్నవాళ్లందరినీ వాళ్ల మంచాలకి చేర్చింది. అప్పటికి ఆ గదంటే భయమే పోయింది.

పొద్దున్నే పెద్ద డాక్టరు దగ్గర్నుంచి పిలుపొచ్చింది. అక్క చెప్పేసిందన్నమాట అనుకుంది. అక్కకి మరీ పెద్ద శిక్ష వెయ్యకుండా ఏం చెప్పాలో మెట్లెక్కుతూ మాటలు కూడబలుక్కుంది.

గదిలో అక్క ముందే ఉంది. డాక్టరు కుర్చీ పక్కన, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"రాత్రంతా మెషిన్ల గదిలో ఏం చేస్తున్నావు?" అన్నాడు డాక్టరు.

పిచ్చుక అక్క వైపు చూసింది. అక్క నేల వైపు చూస్తోంది.

"మీ మేడం అనుమానం వచ్చి రాత్రి కిందికి వెళ్లి చూస్తే నువ్వు దొరికావట. మెషిన్ లెక్క కూడా తీయించాను. ప్రతి రాత్రీ నీ పేరే ఉంది." కాగితం ముందుకి తోశాడు. "మేడం కుర్చీ మీద అంత ఆశ ఉంటే అడగొచ్చుగా. రోగుల ప్రాణాలతో ఆటలేంటి?"

"అక్కా... చెప్పక్కా."

అక్క తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు.

"చిన్నపిల్ల సార్," అంది. "పోలీసులదాకా వద్దు. పంపించెయ్యండి చాలు."

పిచ్చుక చెప్పింది. సొరుగు గురించి, డిస్కు గురించి, శాలువా గురించి అంతా చెప్పింది. డాక్టరు సొరుగులు తెరిపించాడు. వైర్ల చుట్టలే ఉన్నాయి. ఆ రాత్రి నుంచి పోయినవాళ్ల పేర్లు మళ్లీ తెర మీదికి రాలేదు. ఆ పిల్లని పంపేశాక ఆగిపోయిందంటే ఇంక వేరే సాక్ష్యమెందుకు అన్నారు అందరూ.

పంపేసిన రోజు, బ్యాగు సర్దుకుని కిందికి వెళ్లడానికి పిచ్చుక లిఫ్టు ఎక్కింది. లోపల డ్రైవర్ బాబాయ్ కూతురుంది. తండ్రిని ఐసీయూ నుంచి వార్డుకి మార్చారట. ఆయన ఫ్లాస్కు చేతిలో పట్టుకుని ఉంది. అప్పటికే విషయం ఆమె దాకా వచ్చేసింది. లిఫ్టు తాత గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"బాబాయ్‌కి ఎలా ఉంది?" అంది పిచ్చుక.

ఆ కూతురు మూలకి జరిగింది. ఫ్లాస్కుని రెండు చేతులా గుండెకి ఆనించుకుంది.

"దెయ్యమనుకున్నన్నాళ్లూ నాకు ఇంత భయం వెయ్యలేదు," అంది, పిచ్చుకని చూస్తూ.