మెరుగు పెట్టకూడని రేకులు

చిలకలపూడిలోని తమ రోల్డ్‌గోల్డ్ షాపుకి ఆ అమ్మాయి గాజుల కోసం వచ్చిందనుకుని జయంత్ నాలుగు రకాలు బయటికి తీశాడు. ఆమె మాత్రం సంచిలోంచి స్టీలు రేకులు తీసింది.

పేరు సింధూర. గుడివాడలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతోందట. విరిగిన ఎముకకు వేసే ప్లేటు నున్నగా ఉంటే సూక్ష్మజీవులు తక్కువ అంటుకుంటాయా, గరుకుగా ఉంటే ఎక్కువా అన్నది ఆమె ప్రాజెక్టు. నాయనమ్మ కామేశ్వరమ్మ కాలిలో వేసిన ప్లేటు చీము పట్టి తీసేయాల్సి వచ్చిందట. అప్పటినుంచీ సింధూరకు ఈ పట్టుదల. అందుకే సగం రేకులు అద్దంలా మెరవాలి, సగం గరుకుగా గీకి వదిలేయాలి.

"గరుకువాటికి మాత్రం పాలిష్ పెట్టకండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

జయంత్ ఆమె కళ్ళే చూస్తూ తలూపాడు. విన్నది ఎంతో దేవుడికే తెలియాలి. మెరుగు పెట్టని సరుకు గడప దాటించడం వాళ్ళింట్లో అప్రదిష్ట. పైగా పుచ్చుకునేది సింధూర. గరుకు రేకుల్ని కూడా పాలిష్ మోటారు మీద ఓసారి తిప్పేశాడు. గీతలు కనిపిస్తూనే ఉన్నాయి, గరుకు పోయింది.

కొన్నాళ్ళకు ఫోను చేస్తే సింధూర నీరసంగా మాట్లాడింది. రెండు రకాల రేకులకూ సూక్ష్మజీవులు ఒకేలా అంటుకున్నాయట. తేడా లేదనే రాసి ఇచ్చేస్తోందట.

తప్పు తనదేనని జయంత్‌కి అర్థమైంది. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆమె కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. చెబితే ఆ పిల్ల మళ్ళీ మొహం చూడదు. కొత్తగా గరుకు రేకులు చేసి, వానలో తడుస్తూ గుడివాడ బస్సెక్కాడు.

ఉన్నదున్నట్టు చెప్పాడు. చెడామడా తిట్లు తిన్నాడు. సింధూర మాత్రం రేకులు తీసుకుంది, ప్రయోగం మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి కబురు ఆమే పంపింది. ల్యాబు వరండాలో రెండు గాజు పళ్ళేలు చూపించింది. నున్నటి రేకుదాంట్లో అక్కడక్కడా సూక్ష్మజీవులు పెరిగిన తెల్లటి చుక్కలు. గరుకుదాంట్లో రవ్వ చల్లినట్టు నిండా చుక్కలే.

"మీరు దాచేసినా నాకు తెలిసేది కాదండీ" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఈ మేలు మర్చిపోలేను."

"తప్పు చేసినవాడికి థాంక్సేంటండీ?"

"తిట్లు తప్పవని తెలిసీ వచ్చారు చూడండి, అందుకు. మీరంటే ఇష్టం కూడా అందుకే."

జయంత్ ఎవరికి మొక్కాలో తెలియక ఆ చుక్కలకే మనసులో దండం పెట్టుకున్నాడు.

"మరి మా నాన్నగారితో ఏం చెప్తారు?" అంది సింధూర.

"ముందు నేను చేసిన తప్పు చెప్తాను. తర్వాత మిమ్మల్ని ఇమ్మని అడుగుతాను."