రబ్బరు గారి పాత ఎడిషన్

"అట్ట తప్ప ఏమీ మారలేదని ఎవరండీ అన్నది?"

పాత పుస్తకాల షాపు బల్ల మీద స్టాటిస్టిక్స్ పుస్తకం దబ్బున పడింది. విసిరింది కంటి ఆసుపత్రి రిసెప్షనిస్టు. ఆన్‌లైన్ కోర్సు పాసైతే రికార్డుల సెక్షన్‌లో వేస్తామని డాక్టరు గారు మాటిచ్చారు. మొదటి హోమ్‌వర్కులో సున్నా. రెండోదీ పోతే కోర్సులోంచి తీసేస్తారు.

"నేనే అన్నాను," అన్నాడు షాపతను. "కొత్తదాని ధరలో పదో వంతుకే ఇచ్చానా లేదా? పాఠాలన్నీ అవేగా!"

"పాఠాలు అవే. లెక్కల నంబర్లు మారాయి. కోర్సు మేడమ్ ఏడో లెక్క అంటే ఇందులో ఏడోది చేసి పంపాను. ఆవిడ అడిగింది ఇందులో పందొమ్మిదోదట!"

"ఓహో, అందుకా... ప్రతి లెక్క పక్కనా పెన్సిల్‌తో ఏవో అంకెలుండేవి. రోజంతా కూర్చుని చెరిపాను. మా షాపులో ఏ పుస్తకమైనా కడిగిన ముత్యంలా..."

"అవే కొత్త నంబర్లు! ఏ మహానుభావుడో కష్టపడి రాసుకుంటే కడిగేశారా?"

కడిగిన ముత్యంలాంటి షాపతని మొహం మాడిపోయింది. "డబ్బు వాపసు ఇచ్చేస్తానండీ."

"డబ్బు హోమ్‌వర్కు చేస్తుందా, రబ్బరు గారూ? కొత్త ఎడిషన్ లైబ్రరీలో ఉంది. ఇంటికివ్వరు. నా డ్యూటీ అయ్యేసరికి మూసేస్తారు."

"నేను వెళ్లి రాసుకొస్తాను."

"మీరా? అంకెలు చెరపడమేనా, రాయడం కూడా వచ్చా?"

వాన కురవలేదు. చల్లగాలి వీచలేదు. షాపులో ఫ్యాను మాత్రం కిర్రుమంది.

మర్నాటి నుంచి అతను మధ్యాహ్నాలు షాపు మూసి, ఆమె పుస్తకం పట్టుకుని లైబ్రరీలో కూర్చున్నాడు. "పదో తరగతిలో ఈ బుద్ధి ఏమైందిరా?" అని తల్లి దెప్పింది. సాయంత్రానికి పుస్తకం ఆసుపత్రి కౌంటరుకు చేరేది.

"మూడో చాప్టరండీ."

"అంకెలు కోడి గీకినట్టున్నాయి. కనిపించట్లేదు."

"కళ్లు చూపించుకోండి. ఆసుపత్రిలోనే ఉన్నారుగా!"

ఆమె నవ్వు ఆపుకుని, "నెక్స్ట్ పేషెంట్!" అని అరిచింది.

రెండో హోమ్‌వర్కు గట్టెక్కింది. తర్వాతివీ గట్టెక్కాయి. కోర్సు పాసైన రోజు ఆమె షాపుకొచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది. ఈసారి మెల్లగా.

"అమ్మేస్తారా?" అతని చెయ్యి అలవాటుగా రబ్బరు మీదికి పోయింది.

"ముందు ఆఖరి పేజీ తీయండి."

"అది చెరిపేశానే!" నోరు జారాడు.

"చెరిపారు. అంత గట్టిగా నొక్కి రాస్తే అచ్చు పోతుందా? వెలుతురులో అక్షరం అక్షరం చదివాను."

అతను పేజీ తిప్పాడు. 'పాసైపోతే నేనింక రానక్కర్లేదు. మీరు కనిపించకపోతే నాకు తోచదు.' చెరిపేసిన ఆ మాటల మీదే నీలం సిరాతో ఆమె మళ్లీ దిద్దింది. కింద ఇంకో వాక్యం ఉంది: 'ఇలాంటివి పెన్నుతో రాయాలి.'

షాపు వెనక గదిలోంచి తల్లి కేకేసింది: "ఒరేయ్, ఆ రబ్బరు కింద పెట్టు! ఇవాళ షాపు నేను చూసుకుంటాలే, ఆ అమ్మాయితో వెళ్లు."