పదిహేనో గడియ

కారుగుండ దుర్గం మీద పదకొండు దినాలుగా వాన ఎడతెగక కురుస్తూనే ఉంది. మూడు చుట్ల కోటగోడలూ, ఏడు బురుజులూ, ఎఱ్ఱమదేవ మహారాజు మేడ మీది బంగారు కలశమూ, కింద మైదానమంతా పరుచుకున్న తుంగపురి సేనల డేరాలూ, సమస్తమూ ఒకే బూడిదరంగు మబ్బులో మునిగి, కోట ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉండేది. నాలుగు నెలల ముట్టడిలో గుర్రాలు సగం చచ్చాయి, ధాన్యపు కొట్లలో నేల కనిపిస్తోంది. సూర్యుడు ఆ పదకొండు దినాల్లో ఒక్కనాడైనా మొహం చూపలేదు. పొద్దు ఎంతయిందో ఆ కోటకంతటికీ చెప్పగలిగినది ఒక్కటే: గంటమేడ మీద, నీళ్ళ గంగాళంలో తేలే రాగి గడియకుడుక.

అడుగున సూదిబెజ్జం ఉన్న చిన్న గిన్నె అది. బెజ్జంలోంచి నీరెక్కి, నిండి, బుడుంగున మునిగితే ఒక గడియ. మునిగిన మరుక్షణం రెండో కుడుకను నీటిమీద వదిలి జేగంట కొట్టాలి, ఎన్నో గడియైతే అన్ని దెబ్బలు. ఆ దెబ్బ వినే కావళ్ళు మారతాయి, ఆ దెబ్బ వినే తలుపులు మూస్తారు, తీస్తారు. ఇంత పెద్ద కోట, ఇన్ని వేల కత్తులు, ఒక గిన్నె మునగటం కోసం ఆగి ఉంటాయంటే నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆ గిన్నె ముందు కూర్చునేది ఏచసాని. అంతకుముందు ఆ చోటు ఆమె పెనిమిటి కొమ్మనది. కొన్నేళ్ళ కిందటి యుద్ధంలో ఒకనాడు కొమ్మనకు కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి, మునిగిన గిన్నెను చూసి, ఎంతసేపయిందో ఎరగక, మరో గడియ కూడా నిండి ఉంటుందనే అంచనాకు దాని గంటా కొట్టాడు. వేళ కాకుండానే తలుపులు మూసుకున్నాయి. మేతకని బయటికి వెళ్ళిన నలభైమంది రౌతులు వెనక్కి వచ్చి మూసిన తలుపు మీద గుద్దుతూ గుద్దుతూ శత్రువుల చేతిలో చచ్చారు. కొమ్మన ఆ వారంలోనే మంచాన పడి పోయాడు.

అప్పుడు ఏచసానికి నలభై ఏళ్ళు. ఆ లెక్క తాను నేర్చుకుంటానంది. "గరిటె తిప్పే చెయ్యి గంట కొడుతుందట!" అని వీధివీధీ నవ్వింది. సేనాని మైలనాయకుడు మాత్రం నవ్వలేదు. రెండేళ్ళు నేర్చింది ఆ తల్లి. గడియకు అరవై చింతగింజలు. ఒక పదం నెమ్మదిగా పాడటం ముగిస్తే ఒక గింజ ఈ కుప్పలోంచి ఆ కుప్పలోకి. అరవయ్యో గింజ పడటమూ, కుడుక మునగటమూ ఒక్కసారి కావాలి. కునుకురాని ఆడదని పేరు పడింది.

ఆమెకు కునుకు ఎందుకు రాదో ఎవరికీ చెప్పలేదు. జాము జాముకీ, జేగంట మోత అణగిపోయాక, గంటమేడ మెట్ల మీద తడికాళ్ళ చప్పుడు వినిపించేది. ఒక జత కాదు, చాలా జతలు. ఆఖరి మెట్టు దాకా వచ్చి ఆగేవి. లోపలికి మటుకు రావు. కాసేపు ఎవరో ఊపిరి బిగబట్టి నిలుచున్నట్టుండి, మెల్లగా దిగిపోయేవి. నా చేత ఒక్క గడియ తప్పనివ్వను నాయనలారా అని ఆమె లోలోపల అనుకునేది.

పన్నెండో దినం పగలు పద్నాలుగో గడియ సగమైనప్పుడు మెట్ల మీద పొడి చెప్పుల చప్పుడయింది. వచ్చినవాడు మహామంత్రి సూరనామాత్యుడు. ఇద్దరు భటులను మెట్ల కింద నిలిపి తానొక్కడే పైకొచ్చాడు.

"మహామంత్రి వస్తే లేవవేం ఏచసానీ?"

"లేస్తే గింజ తప్పుతుంది ప్రభూ. ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను, తప్పు పట్టకండి."

"నీ పెనిమిటికి లేని శ్రద్ధ నీకబ్బింది. మంచిదే." ఆయన ఆమె వెనకకు వచ్చి కూర్చున్నాడు. "నీ కొడుకు, ఆ పేరన, బతికే ఉన్నాడు."

రెండు నెలల కింద యుద్ధంలో తప్పిపోయిన బిడ్డ. ఏచసాని గింజ జరిపింది. కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి.

"తుంగపురి డేరాల్లో బందీగా ఉన్నాడు. విను. ఈ కోట ఎలాగూ నిలవదు. ఏలినవారికి ఆకలి తెలియదు, మైలనాయకునికి ఓటమి తెలియదు. మధ్యన చచ్చేది జనం. ఈ జాము కోట వెనక దిడ్డివాకిలి కావలి నా మనుషులది. పదిహేనో గడియ మోగితే సేనాని మనుషులు వచ్చి కూర్చుంటారు. ఈ మబ్బులో బండలెక్కి దిడ్డి దాకా రావడానికి తుంగపురి వారికి ఇంకొక్క గడియ వ్యవధి కావాలి. ఆ గంట ఆలస్యంగా మోగితే రేపు నీ బిడ్డ నీ వంట తింటాడు. నీ గంట కింద డేరాల్లోనూ వినిపిస్తుంది సుమా. వేళకు మోగిందా, వాడి మెడ మీద కత్తి దిగుతుంది."

ఏచసాని పదం ముగించి మరో గింజ జరిపింది.

"మీరు చదివిన శాస్త్రాలు నాకు రావు ప్రభూ. నాకు వచ్చింది అరవై దాకా లెక్క ఒక్కటే. దాన్ని నూట ఇరవై చెయ్యమంటే ఎలాగో నాకు తెలియదు."

సూరన నవ్వాడు. "నూట ఇరవై వద్దులే. కుడుక మునిగినప్పుడే కొట్టు. నేను కోరేదీ అదే."

ఆయన దిగిపోయాడు. భటులు మెట్ల కిందే ఉండిపోయారు. ఆ వానలో ఎంత అరిచినా ఒక్క చెవికీ చేరదు.

పద్నాలుగో కుడుక మునిగింది. ఏచసాని తన వెనక పక్కనున్న రెండోది తీసి నీటిమీద వదిలి, గంట కొట్టి, మొదటి గింజ జరిపింది. పదం పాడుతూంటే ప్రతి చరణంలోనూ పేరన మొహమే. నలభై గింజలు. యాభై. అరవయ్యో గింజ పడింది.

కుడుక మునగలేదు. సగానికే నిండి హాయిగా తేలుతోంది.

మంత్రి తన వెనక ఊరికే కూర్చోలేదని ఆమెకప్పుడు తెలిసింది. గిన్నె మీంచి చూపు మరల్చని ఆ పట్టుదలనే నమ్ముకుని ఆయన రెండో గిన్నె బెజ్జానికి మైనం రాశాడు. ఇక ఆమె చెయ్యవలసింది ఏమీ లేదు, ఊరికే కూర్చుంటే చాలు. కుడుక మునగలేదు, నేను కొట్టలేదు, అని లోకానికి చెప్పవచ్చు. ఎవరూ తప్పు పట్టరు, బిడ్డ ఇంటికొస్తాడు. కుడుక మునగకుండా గంట కొట్టడమే కదా కొమ్మన చేసిన పాపం! నలభైమందిని మింగింది ఆ అంచనాయే కదా!

మెట్ల మీద తడికాళ్ళ చప్పుడయింది. గంట మోగకముందే అవి రావడం అదే మొదలు. ఆఖరి మెట్టు మీద ఆగాయి.

"ఆయనది నిద్రమత్తు," అంది ఏచసాని పైకే. "నేను మేలుకునే ఉన్నాను. ఒక్కో గింజా నా వేళ్ళ మీదుగా పోయింది." కొయ్యసుత్తి అందుకుంది. "పేరనా, అయ్యా, నన్ను క్షమించు."

పదిహేను దెబ్బలూ కొట్టింది.

కొట్టి, కుడుకను తీసి, గోటితో మైనం గీకి, మళ్ళీ నీటిమీద వదిలింది. గింజలు మొదటికి తెచ్చుకుంది.

మైలనాయకుడి మనుషులు దిడ్డివాకిలికి వచ్చేసరికి లోపలి తలుపు అడ్డుగడియ తీసి ఉంది, బయటిది సగం జరిపి ఉంది. కింద బండల మీద సగం కొండెక్కిన తుంగపురి సేన మబ్బులోంచి తలలెత్తి చూస్తోంది. తరవాత జరిగినది చాలాసేపు పట్టలేదు. పైనుంచి దొర్లించిన రాళ్ళకు ఆ బండలన్నీ ఖాళీ అయ్యాయి. సూరనామాత్యుణ్ణి అతని పట్టు ఉత్తరీయంతోనే చేతులు కట్టి ఏలినవారి ముందు నిలబెట్టారు.

పదిహేడో గడియ నిండవస్తుండగా మైలనాయకుడు నెత్తుటి కవచంతో గంటమేడ ఎక్కి, ఆ పేదరాలి ముందు మోకాలు వంచాడు.

"తల్లీ, కోట నిలిచింది. నీవు నిలిపావు."

"పేరన?"

ఆయన తలపాగా తీసి నేల మీద పెట్టాడు.

"ఏ వేళప్పుడు, నాయకా?"

"అది అడగకు తల్లీ."

"వేళ అడగడమే నా పని. చెప్పండి."

"పట్టుబడ్డ తుంగపురి భటుడు చెప్పాడు. వాళ్ళు గంట కోసం చెవులప్పగించి కూర్చున్నారట. పదిహేనో దెబ్బకి..." సేనాని తల దించుకున్నాడు. "లే తల్లీ, ఇక చాలు. పారిపోతూ వాళ్ళు బండల కింద వదిలేసిన బిడ్డను మనవాళ్ళు దిడ్డి దగ్గరకు తెచ్చారు. వెళ్ళి చూసుకో. ఈ ఒక్క గడియకు ఇంకెవరినైనా కూర్చోబెడతాను."

ఏచసాని లేవలేదు. అరవయ్యో గింజ ఆమె వేళ్ళ మధ్య ఉంది. నీరు అంచు దాకా వచ్చి, గిన్నె ఒక్క క్షణం తటపటాయించి మునిగింది. రెండో కుడుకను వదిలి, తన బిడ్డకు కత్తి సైగ అయిన ఆ కొయ్యసుత్తినే ఆ తల్లి మళ్ళీ చేతికెత్తుకుంది.

మొదటి దెబ్బ మోగింది. నూరు యుద్ధాలు చూసిన మైలనాయకుడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆమె మాత్రం పదిహేడూ కొట్టింది. ఏ దెబ్బా గట్టిగా పడలేదనీ, ఏ దెబ్బా సన్నగిల్లలేదనీ విన్నవాళ్ళు చెప్పుకున్నారు.