సందు మొదట్లో ఆగే కారు

"ఈ ఇంట్లో ఇంకో ఎమ్మెల్యే వద్దమ్మా! ఒక్కరితోనే కడుపు నిండిపోయింది నాకు!"

కూతురు అంత మాట అనేసరికి తల్లి చేతిలో మడతపెడుతున్న చీర జారి మంచం మీద పడింది. పెద్ద సూట్‌కేసు కూడా కాదు, చిన్న సంచే. పొద్దున్నే బయలుదేరి రాజధానికి వెళ్ళి, శాసనసభలో కూర్చుని, రాత్రికి తిరిగి రావాలి. అంతే ప్రయాణం! కానీ ఆ సంచి వైపు కూతురు చూస్తున్న చూపు చూస్తే, తల్లి ఇల్లు వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతోందేమో అనిపిస్తుంది.

"నాన్న బతికున్నప్పుడు ఊరికి అన్న. నువ్వు ఊరికి వదినవి. మరి నేనెవర్నమ్మా? నాకు ఇంట్లో అమ్మా నాన్నా ఎప్పుడున్నారు? ఆయన పోయారు... ఇప్పుడు నువ్వూ పోయావు! అంతే తేడా. నీ ఫొటోకి దండ వెయ్యలేదు ఇంకా!"

"ఛీ! నోటికి ఎంతొస్తే అంతేనా!" అని చెయ్యెత్తింది తల్లి. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొట్టడానికి ఆ పిల్ల అబద్ధం ఏం చెప్పింది గనక? కూతురు విసురుగా తన గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఏం చెప్పమంటారు ఆ ఇంటి సంగతి! ఒకప్పుడు అది ఇల్లా, బస్టాండా అన్నట్టుండేది. తెల్లారకముందే ముందు గదిలో జనం. రోడ్డు కావాలనేవాడు ఒకడు, బదిలీ కావాలనేవాడు ఒకడు, మొగుడు కొడుతున్నాడని ఏడ్చేది ఒకత్తె. ఆయన అందరికీ అన్న. మొదటిసారి నిలబడి చిత్తుగా ఓడిపోయినా, ఆ తర్వాత వరుసగా మూడుసార్లు గెలిచాడంటే ఊరికే గెలవలేదు. మంత్రి పదవి ఇదిగో అదిగో అని అందినట్టే అంది, చివరి గంటలో చేజారినప్పుడు కూడా నవ్వుతూనే జనంలోకి వెళ్ళాడు. అన్న పెళ్ళాం కాబట్టి ఆమె ఊరందరికీ వదిన. ఆ వదిన చేసిందల్లా వంటింట్లో నిలబడి, వచ్చినవాళ్ళకు టీలు పొయ్యడం!

కూతురు చిన్నప్పుడు ముందు గదిలో జనం గోల ఎక్కువైతే, చెంచాతో కంచం మీద టంగుటంగుమని కొట్టి "సైలెన్స్!" అని అరిచేది. ఆయన వెంటనే లేచి చేతులు కట్టుకుని "చిత్తం, అధ్యక్షా!" అనేవాడు. శాసనసభలో స్పీకరుని పిలిచే పిలుపు అది. గది గదంతా నవ్వులు! అప్పట్నుంచి దానికి ముద్దుపేరు 'అధ్యక్షా'. పిల్ల పెరిగింది, ఆయనకు పనులూ పెరిగాయి. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక ఎన్నో ఏళ్ళయింది.

ఏదో పల్లెలో మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు ఆయన. ఆఖరి మాట కూడా మైకులోనే! ఇంటికి తెచ్చాక కట్టుకున్న పెళ్ళాం ఆయన తల దగ్గరికి చేరడానికి జనాన్ని తోసుకుని వెళ్ళవలసి వచ్చింది. "కాస్త జరగండమ్మా, అందరికీ చివరిచూపు దక్కాలి" అని ఎవరో కార్యకర్త ఆమె భుజం పట్టి పక్కకు జరిపాడు. పాపం, వాడికి ఆమె ఎవరో తెలియదు. ఆమె కూడా చెప్పలేదు.

నెల తిరక్కముందే పార్టీవాళ్ళొచ్చారు. "వదినా, మీరు నిలబడకపోతే అన్న కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది" అన్నారు. నోట్లో నాలుక లేని మనిషి, కాదనలేకపోయింది. ఊరూరా తిప్పారు, జనం ఏడ్చారు, ఓట్లేశారు. అలా ఉపఎన్నికలో గెలిచి, ఆయన ఖాళీ చేసిన కుర్చీలోనే కూర్చోబోతోంది ఇప్పుడు. ఆయన పోయాక సభ కూడడం ఇదే మొదటిసారి కాబట్టి, మొట్టమొదట ఆయనకే సంతాప తీర్మానం. దాని మీద గౌరవ సభ్యురాలిగా ఆమే మాట్లాడాలి! మొగుడు పోయిన దుఃఖాన్ని లేచి నిలబడి, మైకు సరిచేసుకుని, సభకు నివేదించాలన్నమాట.

ఆ సాయంత్రమే పి.ఏ. వచ్చి ఉపన్యాసం చేతిలో పెట్టాడు. ఆయన దగ్గర పనిచేసినవాడే. మంచివాడే గానీ, పెళ్ళయినా చావయినా కార్యక్రమంలాగే చూస్తాడు.

"బాగా కుదిరింది వదినా. అన్న వేయించిన రోడ్లు, కట్టించిన ఆస్పత్రి, అన్నీ వచ్చాయి. ఇదిగో, మూడో పేజీలో మాత్రం కాస్త జాగా ఖాళీగా వదిలాను. అక్కడ భార్యగా మీ జ్ఞాపకం ఒకటి చెప్పాలి. అది మేం రాస్తే అతికినట్టుండదు. మీకేం, వంద ఉంటాయి. ఒక్కటి చాలు. గొంతు కాస్త వణికితే ఇంకా మంచిది."

వంద ఉంటాయట! ఆమె ఆ ఖాళీ జాగా వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాదే!

ఊళ్ళోవాళ్ళకున్నాయి. ప్రచారంలో ఏ గడప ఎక్కినా ఒక కథ. "మా పిల్లాడి ఆపరేషన్‌కి అన్న తెల్లార్లూ ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నాడు వదినా!" అని ఒకావిడ చెప్పింది. అదే నెలలో తన కూతురు జ్వరంతో మూలుగుతుంటే ఈ తల్లి ఒక్కతే తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. "అన్న మా ఇంట్లో కింద కూర్చుని, ఇంకొంచెం పెట్టమ్మా అని అడిగి మరీ తిన్నాడు" అని ఇంకో ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. తన చేతి వంట ఎలా ఉందో ఆ మనిషి ఒక్కనాడన్నా చెప్పాడా! అయినా ఆమె ఆ కథలన్నీ ఆబగా వినేది. విన్నకొద్దీ కడుపు రగిలేది, మళ్ళీ ఇంకొకటి చెప్పండని అడగాలనిపించేది. నా మొగుణ్ణి నాకు ఊరు పరిచయం చేస్తోంది కదా అనుకునేది. ఎంత సిగ్గుచేటు!

తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, అదీ చెప్పుకోలేనిది. ఆయన ఇంటికొచ్చే తీరు. పెళ్ళయిన కొత్తలో ఎదురుచూసి "ఇంతసేపా?" అని అడిగితే, "పొద్దుట మాట్లాడుకుందాం, పడుకో" అనేవాడు. పొద్దుటయ్యేసరికి ముందు గదిలో జనం! ఆ పొద్దుట ఎప్పుడూ రాలేదు. కొన్నాళ్ళకు కారు చప్పుడు కూడా వినిపించడం మానేసింది. గేటు గడియ మెల్లగా తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగలా వచ్చేవాడు. తనతో మాట్లాడవలసి వస్తుందనే కదా ఆ పిల్లి అడుగులు! అంత భారమయ్యానా అని గుడ్ల నీరు కుక్కుకుని, ఆమె గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకునేది. నిద్ర ఎక్కడిది? ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడేవాడు. ఆ తర్వాత మంచం కిర్రుమనేది. పాతికేళ్ళ కాపురంలో మూడొంతులు అలా గోడకు మొహం పెట్టే గడిచిపోయింది.

ఇది చెప్పమంటారా సభలో?

తెల్లవారి కారెక్కేముందు కూతురి గది తలుపు తోసి చూసింది. పిల్ల కదల్లేదు. "వెళ్ళొస్తానే" అంది.

డ్రైవరు ఆయన దగ్గర మొదటి గెలుపు నుంచీ ఉన్నవాడు. మాట పొదుపు మనిషి. సగం దారి అయ్యాక, ఇక ఉండబట్టలేక, ఆమే అడిగింది.

"తమ్ముడూ... మీ అన్న గురించి నీకేదైనా గుర్తుందా? అందరికీ తెలిసింది కాదు. వేరేది ఏదైనా..."

అతను అద్దంలోంచి ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. "ఒకటుంది వదినమ్మా. మీతో చెప్పొచ్చో లేదో..."

"చెప్పు. కోపం రాదు నాకు."

"మన సందు మొదట్లోనే కారు ఆపించేసేవారు అన్న. హారన్ మీద చెయ్యి వేస్తే ఊరుకునేవారు కాదు. 'మీ వదిన పొద్దుట్నుంచీ ఆ జనానికి టీలు పోసి పోసి, నడుం పడిపోయి ఇప్పుడే పడుకునుంటుంది. లేపకురా' అనేవారు. వాన పడుతున్నా సరే, అక్కడే దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిపోయేవారు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగేశాను, లేపి ఒక్క మాట మాట్లాడితే ఏమవుద్దన్నా అని."

"ఏమన్నారు?" ఆమె ముందు సీటు వైపు వంగింది.

"'ఏ మొహం పెట్టుకుని లేపనురా? ఊరందరికీ చూస్తాను, చేస్తాను అని మాటిచ్చి చేశాను. దానికొక్కదానికే పొద్దుట, పొద్దుట అని వాయిదా వేశాను. గుమ్మం దగ్గర కాసేపు నిలబడతాను, మెలకువగా ఉంటే రెండు మాటలు మాట్లాడదామని. పాపం, ఎప్పుడు చూసినా ఒళ్ళెరగని నిద్రే...' అన్నారు వదినమ్మా."

అయ్యో! అయ్యో దేవుడా!

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. కట్టలు తెంచుకున్న ఆ ఏడుపు చూసి డ్రైవరు కంగారుగా కారు పక్కకు తీశాడు. "తప్పయిపోయింది వదినమ్మా" అంటూ దిగి నీళ్ళ సీసా అందించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తప్పు అతనిది కాదు. గుమ్మంలో ఒకరు, మంచం మీద ఒకరు, మధ్యన నాలుగడుగులు! ఒక్కనాడు... ఒక్కనాడు తను కళ్ళు తెరిచి "వచ్చారా?" అని ఉంటే! అంత పెద్ద ఊరిని ఏలినవాడు, పెళ్ళాన్ని లేపడానికి భయపడ్డాడు. తనేమో అభిమానం పేరు చెప్పి గోడకు మొహం పెట్టుకుని పడుకుంది. ఆయన పోయిన రోజున కూడా ఆమె ఇంతలా ఏడవలేదు. ఆ రోజు ఏడవడానికి చోటెక్కడ దొరికింది, అంత జనంలో!

సభలో ఆమెకు ఆయన కుర్చీనే ఇచ్చారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పోయిన సమావేశాల్లో ఆయన్ని దొంగ అన్న పెద్దమనిషే ఇవాళ "నా ప్రాణమిత్రుడు" అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చివరికి ఆమె వంతు వచ్చింది. రోడ్లు చదివింది, ఆస్పత్రి చదివింది. గొంతు ఎక్కడా వణకలేదు. మూడో పేజీ తిప్పింది. ఖాళీ జాగా.

పైన గ్యాలరీలో పి.ఏ. ముందుకు వంగి చూస్తున్నాడు. ఇప్పుడు ఆమె దగ్గర ఒక జ్ఞాపకముంది! చెప్పిందంటే ఈ సభలో కళ్ళు తుడుచుకోనివాడుండడు. రేపు పేపర్లలో వస్తుంది, ఎల్లుండి పోస్టర్లెక్కుతుంది, వచ్చే ఎన్నికల్లో 'చెప్పులు చేత పట్టిన అన్న' అని పాట కూడా కడతారు. ఆయన నవ్వు ఊరిది, ఆయన ఆకలి ఊరిది, ఆయన ఆఖరి ఊపిరి కూడా ఊరిదే. ఇన్నేళ్ళకు తన వాటాకు వచ్చింది ఇదొక్కటే... ఇదీ ఇచ్చెయ్యాలా?

"అధ్యక్షా," అంది ఆమె, కాగితాలు మూసి. "భార్యగా ఒక జ్ఞాపకం చెప్పమన్నారు. ఉంది. కానీ అది సభకు చెప్పను. అది మా ఇంటిది. నన్ను మన్నించాలి."

కూర్చుంది. పి.ఏ. తల పట్టుకున్నాడు. తర్వాత సభంతా లేచి మౌనం పాటించింది. ఆ మౌనంలో ఆమెకు గేటు గడియ మెల్లగా తీస్తున్న చప్పుడు వినిపించింది.

తిరిగి వచ్చేసరికి వీధంతా సద్దుమణిగింది. సందు మొదట్లోకి రాగానే కారు ఆగింది, ఇంజను కూడా ఆగిపోయింది.

"ఎందుకు ఆపావు తమ్ముడూ?"

డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. "అలవాటు వదినమ్మా... చేతులు వాటంతటవే ఆపేశాయి. పాప కూడా పడుకునుంటుంది కదా అని..."

ఆమె చెయ్యి అప్పటికే తలుపు పిడి మీద ఉంది. ఒక్క క్షణమైతే దిగేసేదే. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లను లేపకుండా మెల్లగా లోపలికి... ఆ ఆలోచన రాగానే పిడి మీంచి చెయ్యి తీసేసింది ఆమె.

"పడుకోలేదు," అంది. "నాకు తెలుసు. పోనీ, గుమ్మం దాకా పోనీ. హారన్ కొట్టు!"

"ఈ వేళప్పుడా?"

"కొట్టమన్నానా!"

హారన్ మోగింది. ఎక్కడో కుక్క మొరిగింది. ఎదురింటి కిటికీలో దీపం వెలిగి, "ఎవరు వాళ్ళు, మతుందా?" అని ఎవరో విసుక్కున్నారు. తిట్టుకోనీ! ఆమె గేటు ధడాలున తెరిచి, తలుపు తోసుకుని, దారిలో దీపాలన్నీ వేసుకుంటూ కూతురి గదిలోకి వెళ్ళింది. పిల్ల గోడ వైపు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని పడుకునుంది. నిద్రపోయేవాళ్ళు అంత బుద్ధిగా ఊపిరి తియ్యరు. ఆ విద్యలో ఆరితేరిన తల్లికి ఆ మాత్రం తెలియదా!

మంచం పక్కన నిలబడి ఆమె చేతులు కట్టుకుంది. గొంతు సవరించుకుంది. సభలో వణకని గొంతు ఇక్కడ వణికింది.

"అధ్యక్షా..."

పిల్ల భుజం ఉలిక్కిపడింది.

"అధ్యక్షా, నాన్న గురించి ఒక మాట చెప్పాలి. సభలో చెప్పలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. నీకోసం దాచుకుని తెచ్చాను. నిద్ర నటించకే తల్లీ... నేను ఆ నటన చేసీ చేసీ మీ నాన్నను పోగొట్టుకున్నాను. కళ్ళు తెరిచి ఒక్కసారి, వచ్చావా అని అడుగు. నాకు... నాకు మాట్లాడే అవకాశం ఇప్పించండి, అధ్యక్షా!"

పిల్ల మెల్లగా ఇటు తిరిగింది. దిండు తడిసి ఉంది. గోడ వైపు జరిగి, తల్లికి పక్కన చోటిచ్చింది.

"వచ్చావా?" అంది వెక్కుతూ. "మాట్లాడమ్మా... ఈ సభలో టైంకి హద్దు లేదు. తెల్లార్లూ మాట్లాడు."