తలుపు తియ్యని రెండు నిమిషాలు

ఇంగ్లండులో స్టీవెనేజ్ అవతల పాత బొమ్మలాట హాలొకటుంది. దాని కింది నేలమాళిగకి మంచి పేరు లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గాయపడ్డ సిపాయిల్ని, మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళతో సహా, అందులో పడుకోబెట్టేవాళ్ళట. చీకటిపడ్డాక ఒంటరిగా ఎవరూ దిగరు. దిగినా తలుపుకి ఇటుక అడ్డం పెట్టి మరీ దిగుతారు — లోపలివైపు పిడి లేదు మరి!

బాపురావుకి ఇవన్నీ తెలుసు. అనంతపురం తోలుబొమ్మలవాళ్ళ పిల్లాడు. ఇక్కడ ఎమ్మెస్ చదువుకుంటూ ఆ హాల్లో పార్ట్‌టైం చేసేవాడు. 2018 నవంబరు. యుద్ధం ముగిసి వందేళ్ళయిందని ఆ సాయంత్రం సిపాయిల ఆట పెట్టారు.

వాడు చేసిందల్లా ఒక్క పొరపాటు. వాళ్ళింట్లో రాముణ్ణీ రావణుణ్ణీ ఒకే పెట్టెలో ఉంచరు. ఉంచితే రాత్రంతా కొట్టుకుంటారని తాత చెప్పేవాడు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! ఇంగ్లీషు సిపాయిల్ని పైన ఉంచి, జర్మన్ సిపాయి బొమ్మని మాత్రం తీసుకెళ్ళి నేలమాళిగలో పెట్టాడు. తీరా ఆఖరి రంగం దగ్గరపడేసరికి... ఆ బొమ్మ పైన లేదు!

ఒక్క పరుగున దిగాడు. ఇటుక సంగతే మరిచాడు.

ధడ్ — తలుపు పడింది.

దీపం స్విచ్చి బయట. ఫోను పైన, కోటు జేబులో. చుట్టూ చెమ్మ వాసన... కంటికి చెయ్యి కనపడని చీకటి. అప్పటిదాకా పైన మోగుతున్న బాకా కూడా ఆగిపోయింది. కుర్రాడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"తలుపు తీయండి... ఎవురన్నా తీయండి!"

భయంలో ఇంగ్లీషు నోటికి రాలేదు. అరచేతులు వాచేలా బాదాడు. పైన హాలు నిండా జనం ఉన్నారు కదా, ఒక్క కుర్చీ కదిలిన చప్పుడైనా లేదేం? ఇంక జన్మలో బయటపడనేమో అనిపించి, సిగ్గు విడిచి ఏడ్చేశాడు.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. కృపామణి ఆంటీ! కేర్ హోమ్ నుంచి ముసలివాళ్ళని ఆటకి తీసుకొచ్చిన నర్సమ్మ. వాడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంతసేపూ ఎవరూ రాలేదేం ఆంటీ?"

"ఎలా వస్తాం నాయనా? ఆఖరి రంగానికి ముందు రెండు నిమిషాల మౌనం కదా, మర్చిపోయావా? యుద్ధంలో పోయినవాళ్ళ కోసం అందరం నిలబడ్డాం. నీ అరుపులు కూడా ఆటలో భాగమే అనుకున్నారు. మా ముసలాళ్ళయితే కళ్ళు తుడుచుకున్నారు. తెలుగు తెలిసినదాన్ని కాబట్టి మౌనం అవ్వగానే పరిగెత్తుకొచ్చా."

ఓరి నీ దుంపతెగ, ఇంతేనా! వాడికి నవ్వొచ్చింది. గుండె కుదుటపడింది.

ఆంటీ మాత్రం వాడి భుజం మీదుగా చీకట్లోకి తొంగిచూస్తోంది.

"రెండో అబ్బాయేడి?"

"రెండో అబ్బాయెవరాంటీ?"

"అదేనయ్యా... అతనిదీ మీ సీమ యాసే. నువ్వు ఏడుస్తుంటే సముదాయించాడు చూడు, పాపం, గొంతు బొంగురుపోయి... 'అరవగాకు నాయనా. వీళ్ళు తీయరు. నేనూ శానా అరిసినా' అని."