పక్క సీట్లో బ్రేకమ్మ

ఉదయం ఏడున్నరకి కోడలు ఖాళీ కాఫీ కప్పు సింకులో పెట్టబోయి చెత్తబుట్టలో పెట్టింది. అత్తగారు చూసింది. కప్పు తీసి, కడిగి, బోర్లించింది. పదకొండు గంటలకు డ్రైవింగ్ పరీక్ష పెట్టుకున్న మనిషితో కప్పుల సంగతి మాట్లాడకూడదు. ఇరవై ఆరేళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

పరీక్ష ఇది మూడోసారి. కోడలు ఫిజియోథెరపిస్టు. తుంటి విరిగినవాళ్లనీ పక్షవాతం వచ్చినవాళ్లనీ వాళ్ల ఇళ్లకే వెళ్లి మళ్లీ నడిపించడం ఆమె పని. రోజుకి ఆరిళ్లు తిరగాలి, కారు లేకపోతే జరగదు. సొంత దేశం నుంచి తెచ్చుకున్న లైసెన్సు ఇక్కడ ఆర్నెల్ల వరకే చెల్లుతుంది. ఆ గడువు ఇంకో నాలుగు రోజుల్లో తీరిపోతుంది. ఈలోగా ఇక్కడి లైసెన్సు రాకపోతే ఉద్యోగం వేరేవాళ్లకి ఇవ్వాల్సి వస్తుందని మేనేజరు చాలా మర్యాదగా చెప్పింది. అంత మర్యాదగా చెప్పిందంటే ఇక తిరుగులేదని ఇంట్లో అందరికీ అర్థమైంది. ఈ రోజు తప్పితే పరీక్షకి మళ్లీ రెండు నెలల దాకా తేదీ లేదు.

అలాగని ఆ పిల్లకి డ్రైవింగ్ రాదనుకునేరు. ఇంటి దగ్గర ఎనిమిదేళ్లు ఎవరి సాయమూ లేకుండా నడిపింది. కానీ ఇక్కడ స్టీరింగు ఎడమవైపు, బండ్లు నడిచేది రోడ్డుకి కుడివైపు. గేరు కోసం అలవాటుగా ఎడమ చెయ్యి వెళ్లి డోరుకి కొట్టుకునేది. ఇండికేటరు వేద్దామనుకుంటే చక్కటి ఎండలో వైపరు ఊగేది. దానికి తోడు ఆఫీసు కార్లు నాలుగూ నాలుగు రకాలు. ఒకదానికి హ్యాండ్‌బ్రేకు చిటికెన వేలంత బటన్, ఇంకోదానికి కాలితో తొక్కే పెడల్, మూడోదానికి గేరు స్టీరింగు పక్కన. సాయంత్రం ఏది ఖాళీగా ఉంటే అది ఇంటికి తెచ్చుకోవడం, దానితో కుస్తీ పట్టడం. క్లచ్ మాత్రం ఏ కారుకీ లేదు. మొదటి పరీక్షలో లేని క్లచ్ కోసం వెతికిన ఎడమ కాలు బ్రేకు మీద పడి, కారు నడిరోడ్డు మీద టక్కున ఆగిపోయింది. రెండో పరీక్షలో సర్కిల్ దగ్గర కుడివైపు చూస్తూ కూర్చుంటే కార్లన్నీ ఎడమవైపు నుంచి వచ్చాయి.

భార్యకి నేర్పే బాధ్యత కొడుకు నెత్తినేసుకున్నాడు. అతను ఆఫీసుకి వెళ్లేది రైల్లో. చేతిలో ఇక్కడి లైసెన్సు ఉందన్న మాటే గానీ, స్టీరింగు పట్టుకోవడం నెలకి ఒకటి రెండుసార్లు. మూడు వారాల కిందట తల్లిని విమానాశ్రయం నుంచి తీసుకొచ్చిన రోజే గట్టిగా ఒక మాట తీసుకున్నాడు. ఇక్కడి రోడ్లు వేరు, పద్ధతులు వేరు, కారులో కూర్చుంటే నువ్వు మాట్లాడటానికి వీల్లేదు అన్నాడు. ఆమె సరేనంది. మూడు వారాలుగా వెనక సీట్లో కూర్చుని నోరు కట్టేసుకుంది. ఆ కష్టం ఆమెకే తెలుసు.

ఎందుకంటే ఆమె పేరే బ్రేకమ్మ. శిష్యులు పెట్టిన పేరది. స్కూలు కార్లకి నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, దాని మీద నుంచి ఆమె కాలు తీసేది కాదు. భర్త పోయి స్కూలు ఆమె చేతికి వచ్చేనాటికి కొడుక్కి పదేళ్లు. అప్పటిదాకా ఆఫీసు గదిలో ఫారాలు నింపిన మనిషి తనే నేర్చుకుని, తర్వాత ఊరందరికీ నేర్పింది. ఇరవై ఆరేళ్లలో తన కారు మీద గీత పడలేదని చెప్పుకోవడం ఆమెకి గొప్ప.

తొమ్మిదిన్నరకి ముగ్గురూ బయలుదేరారు. ఈసారి దొరికింది తెల్లకారు, బటన్ హ్యాండ్‌బ్రేకుది. కోడలు సీటు సర్దుకుని, అద్దాలు చూసుకుని, బాగానే తీసింది. వీధి చివరకి వచ్చేసరికి మొదలుపెట్టాడు కొడుకు. చూసుకో, ఇటు కాదు, ఎందుకంత స్పీడు, ఎందుకంత స్లో, బ్రేకు, బ్రేకు, బ్రేకు. రెండో సిగ్నల్ చేరేలోపు బ్రేకు అన్న మాట పద్నాలుగుసార్లు వినిపించింది వెనక సీట్లోకి. కోడలి మెడ బిగుసుకుపోవడం అత్తగారికి స్పష్టంగా కనపడుతోంది.

సర్కిల్ దగ్గర ఎడమవైపు నుంచి ఒక వ్యాను వస్తోంది. కోడలు చూసింది, ఆగబోతోంది కూడా. ఇంతలో కొడుకు చెయ్యి చాచి స్టీరింగు పట్టుకుని లాగాడు. ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుని రాసుకుంటూ పోయింది. వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తీయలేదు.

కోడలు పక్కనే ఉన్న రంగుల దుకాణం ముందు ఖాళీ స్థలంలోకి తిప్పి ఇంజను ఆపేసింది. తాళం తీసి భర్త ఒళ్లో పడేసింది.

"నేను పరీక్షకి వెళ్లను. మేనేజరుకి ఫోన్ చేసి ఉద్యోగం వద్దని చెప్పేస్తాను."

కొడుకు ఒంటికాలి మీద లేచాడు. నీ మంచికి అరిస్తే తప్పా, ఆ వ్యాను గుద్దితే ఉద్యోగం కాదు, మనిషివే ఉండవు అన్నాడు. రెండుసార్లు ఫెయిలైన మనిషికి ఈ పౌరుషం ఎందుకన్నాడు. ఆ మాట నోరు జారిందని అతనికీ తెలుసు, కానీ వెనక్కి తీసుకోలేదు. కోడలు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

"మీరు అరుస్తుంటే నాకు రోడ్డు కనపడదండీ," అంది మెల్లగా. "మీ గొంతే వినపడుతుంది. ఎటు చూడాలా అని కాదు, మీరు ఇప్పుడేమంటారా అని చూస్తుంటాను."

ఇక అత్తగారి వల్ల కాలేదు. మాట ఇస్తే ఇచ్చింది, ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చోవడానికి కాదు కదా. కొడుకుని దిగి వెనక్కి రమ్మంది. అతను గొణిగాడు గానీ ఆ గొంతు విన్నాక దిగకతప్పలేదు. ఆమె ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. నేర్పడమంటే ఏమిటో వీడికి చూపిస్తానని మనసులో అనుకుంది, అబద్ధమెందుకు.

ఎడమ కాలు మడిచి సీటు కిందకి నెట్టెయ్యమంది కోడలితో, పని లేని కాలు పెడల్ దగ్గర ఉండకూడదని. ఆ చిన్న మాటకే సగం భారం దిగినట్టయింది. కారు నున్నగా కదిలింది. సర్కిల్ రెండుసార్లు చుట్టారు, తప్పు లేదు. కొడుకు వెనక ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. అత్తగారికి లోపల్లోపల సంబరంగా ఉంది.

పది నిమిషాలు గడిచాయి. ముందు ఒక సందులోంచి చెత్త లారీ మూతి బయటికి పెట్టింది. చాలా దూరంలోనే ఉంది. అయినా అత్తగారి కుడికాలు నేలని ధనామని తొక్కింది, చెయ్యి డ్యాష్‌బోర్డు మీద పడింది, "ఆపు" అన్న కేక ఆమెకి తెలియకుండానే వచ్చేసింది. కోడలు అదిరిపోయి బ్రేకు తొక్కింది. ముగ్గురూ ముందుకి తూలారు. లారీ అక్కడే ఆగి, వీళ్లెందుకు ఆగారా అని చూస్తోంది.

కోడలు కారుని పక్కకి తీసి ఆపింది.

"నేను లారీని చూశానత్తయ్యా. కాలు బ్రేకు మీదే ఉంది. మీరు అరవకపోతే మెల్లగా ఆగేదాన్ని."

వెనక నుంచి కొడుకు నవ్వాడు. సంతోషంతో నవ్విన నవ్వు కాదది.

"నాకు ఇక్కడి లైసెన్సు మొదటిసారికే వచ్చిందని నీతో చెప్పాను కదమ్మా. అబద్ధం. నాలుగుసార్లు ఫెయిలయ్యాను. బ్రేకమ్మ కొడుకు నాలుగుసార్లు ఫెయిలయ్యాడని ఎలా చెప్పను నీతో?"

ఆమె వెనక్కి తిరిగింది. అతను తల వంచుకుని ఉన్నాడు.

"పద్దెనిమిదేళ్లప్పుడు పరీక్షకి వెళ్తే ఇన్‌స్పెక్టరు వెనక కూర్చున్నాడు, పక్కన నువ్వు కూర్చున్నావు. పాసయ్యాను. కానీ కారు ఆగిన ప్రతిసారీ, ఆపింది నేనో నువ్వో నాకు తెలియలేదమ్మా. ఇప్పటికీ తెలియదు. పక్కన ఎవరూ లేకపోతే నాకు భయం. అందుకే రైల్లో వెళ్తాను. నాకున్న భయంతోనే దీని మీద అరుస్తున్నాను."

అత్తగారు తన కాలి వైపు చూసుకుంది. చెప్పు కింద ఉత్త నేల. కొడుకుని కాపాడుతున్నాననుకుంది ఇన్నేళ్లూ. వాడికి వాడి మీద నమ్మకం లేకుండా చేసిందని ఇప్పుడు, పరాయి దేశంలో, చెత్త లారీ ముందు తెలిసింది. కానీ అప్పటికే పదిన్నర కావస్తోంది, ఏడవడానికి టైము లేదు. ఆమె బెల్టు విప్పి డోరు తీసింది.

"దిగరా," అంది కొడుకుతో. తర్వాత కోడలి వైపు వంగి, "నువ్వు వెళ్లమ్మా. పరీక్ష ఆఫీసు పది నిమిషాల దూరం. దారి నీకు తెలుసు. మేమిద్దరం ఉంటే నీకు చేటే గానీ సాయం లేదు."

కోడలు కంగారుపడింది. ఒక్కదాన్నే ఎలా అంది. ఎనిమిదేళ్లు నడిపినప్పుడు పక్కన ఎవరున్నారని అడిగింది అత్తగారు. కోడలు ఆలోచించింది. ఎవరూ లేరు. మెల్లగా తలూపి, సీటు ముందుకి జరుపుకుంది. బయలుదేరుతుంటే వైపరు ఒకసారి ఊగి, ఆగి, అప్పుడు ఇండికేటరు వెలిగింది. తెల్లకారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

ఆ రోడ్డు మీద బస్సు లేదు. తల్లీకొడుకులు నడక సాగించారు. దూరంగా ఎక్కడ హారన్ మోగినా ఇద్దరూ ఒకేసారి తల ఎత్తుతున్నారు. వాళ్లు ఇప్పుడు ఏమీ చెయ్యలేరు. ఆ చెయ్యలేకపోవడం ఇద్దరికీ కొత్త.

"నాకు నువ్వొక్కడివే రా," అంది ఆమె చివరికి. "మీ నాన్న పోయాక నిన్ను కూడా పోగొట్టుకుంటానేమోనని రోజూ భయపడ్డాను. ఆ భయంతో తొక్కాను. నీ మీద నమ్మకం లేక కాదు. తప్పయిపోయింది నాన్నా."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పరీక్ష ఆఫీసు దాకా వదల్లేదు.

వాళ్లు చేరేసరికి పదకొండున్నర. బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆవరణలో తెల్లకారు లేదు. అంటే పరీక్ష జరుగుతోందా, లేక అసలు రాలేదా? కొడుకు ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నడుపుతున్న మనిషికి ఫోన్ చెయ్యకూడదు. నిమిషాలు కదలడం మానేశాయి. పన్నెండుకి పది నిమిషాలుండగా తెల్లకారు గేట్లోంచి లోపలికి వచ్చి, గీతల మధ్య చక్కగా ఆగింది. పరీక్షించే ఆవిడ సీట్లోనే కూర్చుని ఏదో రాస్తోంది. రాస్తూనే ఉంది.

కోడలు దిగి కాగితం పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచి వచ్చింది. ముఖంలో ఏమీ లేదు. వచ్చి భర్త చేతిలో కాగితం పెట్టింది. అతను చదివి, మళ్లీ మొదటి నుంచి చదివి, ఏడ్చేశాడు. ఒకచోట వైపరు వేసినందుకు ఒక మార్కు పోయిందట. మిగతాదంతా సరిగ్గా ఉందట.

"నన్ను క్షమించు," అన్నాడు భార్యతో, దారిన పోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా. "నువ్వు నడపగలవు. నాకే చేతకాదు."

"మీకు నేను నేర్పుతాను," అందామె. అప్పటికి గానీ ఆమెకి నవ్వు రాలేదు, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. "అరవకుండా."

మేనేజరుకి ఫోన్ చేసి చెప్పింది. రేపటి ఆరిళ్లూ నీవే అందట ఆవిడ. తర్వాత కోడలు వెనక డోరు తీసి, ఇద్దరినీ అక్కడే కూర్చోమంది. తల్లీకొడుకులు ఎదురు చెప్పకుండా ఎక్కారు. కారు రోడ్డెక్కింది. కిటికీలోంచి ఎండ అత్తగారి ఒళ్లో పడుతోంది. సర్కిల్ వస్తోందని ఆమెకి తెలుసు. చూద్దామనుకుంది, చూడలేదు.

కళ్లు తెరిచేసరికి కారు కదలడం లేదు. ఇంజను చప్పుడు లేదు. తల కొడుకు భుజం మీద ఉంది, వాడు కదలకుండా కూర్చున్నాడు. గాభరాగా లేచి ఏమైంది, ఎందుకు ఆగామని అడిగింది. ముందు సీట్లోంచి కోడలు వెనక్కి తిరిగింది.

"ఇల్లొచ్చి అరగంటయింది అత్తయ్యా. లేపబుద్ధి కాలేదు."

కదులుతున్న కారులో బ్రేకమ్మ నిద్రపోవడం ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి.