జరీ కాయలు

"ఆగండి! చెయ్యి కదిలిందో ఊరుకోను!"

ఉమామహేశ్ ఆగాడు. కాలరు మీద పాకుతున్న గొంగళిపురుగుని దులపబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పురుగండీ," అన్నాడు, తన తప్పేమీ లేదన్నట్టు.

"తెలుసు. పెంచుతున్నది నేనే." ఆ అమ్మాయి ఒక గన్నేరాకు తుంచి కాలరుకి ఆనించింది. పురుగు పెళ్ళిపీట ఎక్కినంత హుందాగా ఆకెక్కింది. "ఇంతకీ మీరెవరు?"

"ఇన్వెస్టర్ని."

"అయ్యో! ముందే చెప్పొద్దూ?"

"చెబితే అరిచేవారు కాదా?"

"అరిచేదాన్నే. కాస్త గౌరవంగా అరిచేదాన్ని."

ఆ అమ్మాయి సంయుక్త. విజయవాడ భవానీపురంలో ఉండే ఒక రిటైరైన లెక్చరర్ గారమ్మాయి. జువాలజీ చదివింది. తను కూడా ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటుందని భవానీపురమంతా అనుకుంటూ ఉండగా, చల్లపల్లి దాటాక కాలవ గట్టు పక్కన కాస్త స్థలం కౌలుకి తీసుకుని సీతాకోకచిలుకల తోట పెట్టింది. రైతులు పీకేసే మొక్కలన్నీ వరసగా నాటింది. వాళ్ళు మందు కొట్టే పురుగులన్నిటికీ ముద్ద పెట్టింది. జిల్లేడు, గన్నేరు, నిమ్మ, కరివేపాకు... ఆ తోటలో కరివేపాకు పురుగులకే. కూరలోకి అడిగితే సంయుక్త ఇవ్వదు.

సీతాకోకచిలుకలు వచ్చాయి. ఆదివారాలు స్కూలు పిల్లలూ వచ్చారు. ఇక రావాల్సింది పెట్టుబడి. వలపందిరి వెయ్యాలి, కాలిబాట పరవాలి, బాత్రూములు కట్టాలి. ఈ వేసవిలోగా అవేవీ లేకపోతే స్థలం యజమాని కౌలు రద్దు చేసి రొయ్యల చెరువు తవ్విస్తానన్నాడు. రెక్కలున్నవాటి చోట మీసాలున్నవి వస్తాయన్నమాట.

ఉమామహేశ్‌ది విజయవాడ వన్ టౌన్. తండ్రి వీరభద్రయ్య గారిది చీరల హోల్‌సేల్ కొట్టు. బోర్డు మీద 'అండ్ సన్స్' అని ఉంటుంది గానీ ఉన్నది ఒక్క సన్నే. చీరలు విప్పడం, మడత పెట్టడం, మళ్ళీ విప్పడం... ఆ సన్నుకి ఉత్సాహం ఏనాడో సన్నగిల్లింది. ఫోన్‌లో ఈ తోట రీల్ చూసి తండ్రి చెవిలో జోరీగయ్యాడు.

"ఏదో కొత్త లైనంటున్నావు. పేరులో కోక ఉంది కాబట్టి ఆలోచిస్తున్నా," అన్నాడు వీరభద్రయ్య. "అదే కప్పల పార్కంటే ఈపాటికి కప్పదాటు వేసేవాణ్ణి. వెళ్ళి చూసిరా. కానీ నా కళ్ళతో సరుకు చూడందే రూపాయి తియ్యను."

అలా వచ్చాడు. తండ్రి నేర్పిన మొదటి ప్రశ్నే అడిగాడు.

"సరుకేదండీ?"

"ఏ సరుకు?"

"అదే, సీతాకోకచిలుకలు. మా కొట్లో కస్టమర్ పరుపు మీద కూర్చున్నారంటే చాలు, కొండలా చీరలు విప్పేస్తాం. ఇక్కడ ఇంతసేపు నిలబడితే రెండంటే రెండు కనిపించాయి. అవీ వీపు చూపించి వెళ్ళిపోయాయి."

"అవి సేల్స్‌మెన్ కాదండీ!"

"పోనీ అటువైపు పెద్ద ఫ్యాన్ పెడితే? గాలికి జనం వైపు వస్తాయి కదా."

సంయుక్త నుదురు పట్టుకుంది.

"పోనీ పెళ్ళిళ్ళకి డబ్బాల్లో పెట్టి అమ్మితే? తాళి కట్టగానే మూత తీస్తారు..."

"ఆ మాట ఇంకోసారన్నారంటే మిమ్మల్నే డబ్బాలో పెట్టి మూత వేస్తాను."

"ఎవరి పెళ్ళికండీ?"

ఆమె గిరుక్కున తిరిగి కరివేపాకు మొక్కల్లోకి వెళ్ళిపోయింది. ఎకో టూరిజం అని గేటు మీద రాసి ఉంది గానీ, ఆ రోజు తోటలో వినిపించిన ఎకో అంతా ఆమె గొంతుదే.

ఇన్‌స్పెక్షన్ పేరుతో అతను ప్రతి ఆదివారమూ వచ్చాడు. కొన్నాళ్ళకి వారం మధ్యలో కూడా అతనికి ఆదివారాలు రావడం మొదలైంది. వచ్చినప్పుడల్లా ఒక కొత్త ఐడియా తెచ్చేవాడు. ఆమె ప్రతిదానికీ ఒక కొత్త తిట్టు తయారుచేసేది.

ఒకరోజు వాన కమ్ముకొచ్చింది. సంయుక్త, తోటపని చేసే మణెమ్మ పాకలోకి పరిగెత్తారు. చూస్తే ఉమామహేశ్ వానలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగుంది. దాన్ని నిమ్మమొక్కకి పట్టాడు. తను నిలువునా కారిపోతున్నాడు.

"ఏం చేస్తున్నారక్కడ?" అని అరిచింది సంయుక్త.

"ఒకటి కొమ్మ మీద వాలిందండీ! తడిస్తే ఎగరలేవని మీరే చెప్పారుగా!"

"వానొస్తే అది ఆకు కిందికి పోతుంది. దానికి ఆకుంది. మీకే ఏమీ లేదు, రండి!"

చొక్కా పట్టుకుని పాకలోకి లాగింది. తువ్వాలు మొహాన విసిరేసింది. తల తుడుచుకుంటూ అతను నవ్వాడు. ఆమె వాన వైపు తిరిగి నిలబడింది. వానలో చూడ్డానికేమీ లేదు, అయినా చాలాసేపు చూసింది. మణెమ్మ మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పొయ్యి మీద టీ పెట్టింది.

చలికాలం చివర్లో వీరభద్రయ్య కబురు పంపాడు, మర్నాడు పొద్దున వస్తున్నానని.

"సరుకు చూపించమంటాడండీ మా నాన్న. రెండెగిరితే ఒప్పుకోడు," అన్నాడు ఉమామహేశ్ దిగులుగా.

"చూపిద్దాం. ఆయన కళ్ళముందే విప్పుకుంటాయి."

గన్నేరాకు తిన్న పురుగులు గూళ్ళు కట్టి ఉన్నాయప్పటికే. చిన్న కాయల్లా, తళతళా మెరుస్తూ, బంగారప్పూత పూసినట్టున్నాయి. వాటిని సంయుక్త ఒక్కొక్కటే దారంతో పుల్లలకి వేలాడదీసి పాక వసారాలో పెట్టింది. కొన్ని అప్పటికే మెరుపు పోయి నల్లబడ్డాయి. నల్లబడితే లోపలున్నది బయటికి రాబోతోందని లెక్క. మరుసటి పొద్దునకి సరిగ్గా అందుతాయని ఆమె సంబరపడింది.

మరుసటి పొద్దున వీరభద్రయ్య బోణీ కాందే కొట్టు కదలనన్నాడు. ఆయన భార్య చౌడేశ్వరమ్మ మాత్రం ఆగలేక కొడుకుతో ముందే వచ్చేసింది. తల్లిని పాకలో కూర్చోబెట్టి, తండ్రి కారుకి దారి చూపించడానికి ఉమామహేశ్ చల్లపల్లి సెంటరుకి వెళ్ళాడు. సంయుక్త అద్దెకుర్చీలు తేవడానికి వెళ్ళి ఉంది. పాకలో మిగిలింది చౌడేశ్వరమ్మ, మణెమ్మ, కాయలు.

చౌడేశ్వరమ్మ పుట్టిల్లు హిందూపురం వైపు. పట్టుపురుగులు పెంచే ఇల్లు. నడక రాకముందే పట్టుకాయలు ఏరడం వచ్చిందంటారు ఆవిడకి. ఆ ఇంట్లో ఒకటే చట్టం: పురుగు కాయని చీల్చుకుని బయటికి రాకూడదు. వస్తే దారం తెగుతుంది, కాయ దండగ. అందుకే అది రాకముందే కాయల్ని ఎండబెట్టాలి.

అలాంటి మనిషి వసారాలో తల ఎత్తింది. బంగారపు కాయలు!

"మణెమ్మా! ఇది జరీ పురుగా ఏందే? మేం దారానికి బంగారప్పూత పూయించడానికి ఆస్తులు పోస్తుంటే, ఇది కాయలోనే పూసుకుని కూర్చుందే! అయ్యో, ఇన్నాళ్ళు ఉంచేశారే, ఇవాళో రేపో చీల్చుకొచ్చేస్తాయి! చేటుందా? చేట తే!"

పెద్దావిడ, పైగా ఉమామహేశ్ బాబు తల్లి. మణెమ్మ చేట తెచ్చింది. చౌడేశ్వరమ్మ మెరిసే కాయలన్నీ కోసి చేటలో పరిచి వాకిట్లో ఎండలో పెట్టింది. నల్లబడ్డవాటిని మసికాయలని వేరు చేసి ఒళ్ళో పోసుకుంది, ఎవరికైనా చూపించి పారేయిద్దామని. వెధవ సరుకు మంచి సరుకుతో కలపకూడదు కదా.

అప్పుడే సంయుక్త ఆటో దిగింది. కుర్చీ ఒకటి చేతిలోంచి జారింది.

"ఎవరు? ఎవరు పెట్టారివి ఎండలో?" చేట ఎత్తుకుని నీడలోకి పరిగెత్తింది. "ఎవరండీ మీరు? చెయ్యేసేముందు ఒక్కమాట అడగరా? ప్రాణాలండీ ఇవి, వడియాలనుకున్నారా ఎండబెట్టడానికి?"

"అమ్మాయ్, మంచికే పెట్టాను. పురుగు బయటికొస్తే దారం పాడవుతుంది..."

"దారమా! ఏ దారం? వీటిల్లో దారం లేదు!"

చౌడేశ్వరమ్మ తెల్లబోయింది. "మరేముంది?"

సంయుక్త తడిగుడ్డ వేసి కాయల్ని చల్లబరుస్తూ కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

సరిగ్గా అప్పుడు కారు ఆగింది.

"మా ఆవిడ మీద అరుస్తున్నదెవరు?" అంటూ దిగాడు వీరభద్రయ్య. గొంతు కాలవ అవతలి గట్టుకి వినిపించింది.

"ఆవిడే నాన్నా, ప్రొప్రైటర్," అన్నాడు ఉమామహేశ్ నీరసంగా. చేట చూశాడు, తల్లిని చూశాడు, అర్థమైంది. "అమ్మా! ఎంత పని చేశావే!"

"బేరం మొదలవ్వకముందే అరిచే కొట్లో నేనేమీ కొనను. పదండి," అన్నాడు వీరభద్రయ్య.

సంయుక్త లేచి నిలబడింది. మొహం తుడుచుకుంది. "మీరు డబ్బు పెట్టకపోతే ఇక్కడ చెరువు తవ్వుతారండీ. తవ్వనివ్వండి. ఆవిడెవరో తెలియక అరిచానని మాత్రం చెప్పను. తెలిసినా అరిచేదాన్ని."

"కాస్త గౌరవంగా అరిచేది నాన్నా," అన్నాడు ఉమామహేశ్.

"నువ్వు నోర్ముయ్యరా! పురుగుల తోటలో పడి పరువు తీశావు. చౌడేశ్వరీ, లే."

చౌడేశ్వరమ్మ లేవలేదు.

"నిన్నే!"

"ఉష్! యాడికీ రాను నేను," అందావిడ. ఇన్నేళ్ళ బెజవాడ కాపురంలో మరుగునపడ్డ హిందూపురం ఒక్కసారిగా నోట్లోకొచ్చింది. "ఎవురూ కదలాకండి."

ఒళ్ళో ఒక మసికాయ చీలుతోంది.

ముందు కాళ్ళొచ్చాయి. తర్వాత తడిసి ముద్దయిన నల్లటి గుడ్డపీలికలాంటిదేదో బయటపడింది. తూలింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని, తడుముకుంటూ కొంగు మీదుగా భుజం దాకా ఎక్కి అక్కడ వేలాడింది. గోధుమరంగు నీళ్ళు రెండు బొట్లు చీర మీద పడ్డాయి.

"పట్టుచీర!" అని మూలిగాడు వీరభద్రయ్య.

"పడనీ!"

నలిగిన పీలిక మెల్లగా నిండుతోంది, మడత మడత విప్పుకుంటోంది. కారునలుపు. అంచు పొడుగునా తెల్లచుక్కలు. వీరభద్రయ్య కాసేపు ఎండలో నిలబడ్డాడు, కాసేపు గడియారం చూసుకున్నాడు, ఆఖరికి పడిపోయిన కుర్చీ తనే లేవనెత్తుకుని కూర్చున్నాడు. జన్మంతా చీరల్లో గడిపిన కళ్ళు వాటంతటవే అంచు మీదికి పోయాయి.

"నలుపు మీద తెల్ల బుటా," అని గొణిగాడు. "మనం వేయిస్తే ఇంత నీటుగా రాదు."

"మా ఇంట్లో కాయలు బుట్టలకి బుట్టలు," అంది చౌడేశ్వరమ్మ, భుజం కదలకుండా. "ఒక్కదాన్నీ రానీలేదు. వస్తే మా నాయన తిట్టేవోడు. బయటికొచ్చినాక ఎట్లుంటాదో ఇంతవరకూ నాకు తెలీదు."

సంయుక్త వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది.

"ఎండలోవి బతుకుతాయా అమ్మాయ్?"

"కొన్ని బతుకుతాయండీ." కాస్త ఆగి, నిజమే చెప్పింది. "కొన్ని బతకవు."

చౌడేశ్వరమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

రెక్కలు ఒకసారి తెరుచుకున్నాయి. మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. ఎప్పుడెగిరిందో గానీ, చూసేసరికి గన్నేరు చెట్టు మీదుంది.

వీరభద్రయ్య గట్టిగా గొంతు సవరించుకున్నాడు. "ఈ వాటా నా పేరున వద్దు. మా ఆవిడ పేరున రాయండి. ఇక ఈవిడ ఇక్కణ్ణుంచి కదలదు, నా మాట వినదు. ఈ వయసులో నాకీ తలనొప్పి తెచ్చిపెట్టావు కదరా!" అని కొడుకుని మరోసారి తిట్టుకున్నాడు. ఆ ఇంట్లో సంతోషమొచ్చినా తిట్టే దిక్కు అతనే.

తిట్లు తిని ఉమామహేశ్ పాక వెనక్కి వెళ్ళాడు. సంయుక్త అక్కడ తడిగుడ్డ పిండుతోంది.

"సంయుక్త గారూ, ఒక మాట. నేను ఇన్వెస్ట్‌మెంట్ కోసం రావట్లేదండీ. మొదటి రోజు వచ్చానంతే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నిమ్మమొక్కకి గొడుగు పట్టినప్పట్నుంచి."

"మరి ఒక్క మాటైనా అనలేదే!"

"అనకపోవడమేంటి, వచ్చినప్పుడల్లా తిట్టాను కదా? మిగతా ఇన్వెస్టర్లని ఎవర్నైనా ఇంత శ్రద్ధగా తిట్టానా?"

"మిగతా ఇన్వెస్టర్లు లేరు కదండీ."

"అదీ ఉందనుకోండి." ఆమె నవ్వింది. "అయినా మీరు ప్యూపాలోనే ఎన్నాళ్ళుంటారో చూద్దామనుకున్నాను. నా వల్ల కాలేదు మహాప్రభో. చాలా విసిగించారు."

"అయితే ఆ పెళ్ళిలో డబ్బాలు..."

"డబ్బాలు వద్దు!"

"...వద్దనే అంటున్నానండీ. ఇక్కడే, తోటలో చేసుకుందాం. వాటికి ఇష్టముంటే వస్తాయి."

ఆమె గుడ్డ పిండడం ఆపింది. ఆ గుడ్డలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"భవానీపురం వచ్చి మా నాన్నగారితో చెప్పండి," అంది. "ఫ్యాన్ ఐడియా మాత్రం చెప్పకండి."

వసారాలో చౌడేశ్వరమ్మ గొంతు తగ్గించి భర్తతో అంటోంది. ఆవిడ గొంతు తగ్గిస్తే పాక వెనక్కి మాత్రమే వినిపిస్తుంది. "చూశారా పిల్లని? నా పెళ్ళైనప్పట్నుంచీ నన్నెవరూ ఇంత న్యాయంగా తిట్టలేదు. కోడలైతే రోజూ అరుస్తుంది మరి."

"అరవనీ. కొట్లో నీ కొడుకు నోరు పెగలక బేరాలు పోతున్నాయి," అన్నాడు వీరభద్రయ్య.

అని, మెడ దగ్గర చక్కిలిగిలి పెట్టినట్టుంటే చెయ్యెత్తాడు. సంయుక్త, ఉమామహేశ్ అప్పుడే పాక వెనకనుంచి వసారాలోకి వచ్చారు. ఆయన కాలరు మీద ఒక గొంగళిపురుగు తీరిగ్గా పాకుతోంది.

"ఆగండి!"

మూడు గొంతులు ఒక్కసారే లేచాయి. వాటిల్లో గట్టిగా లేచింది చౌడేశ్వరమ్మది. వీరభద్రయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సంయుక్త ఆకు కోసం పరిగెత్తబోయింది గానీ, ఉమామహేశ్ అప్పటికే గన్నేరాకు తుంచి తండ్రి కాలరుకి ఆనించాడు.

"పురుగురా," అన్నాడు వీరభద్రయ్య బిక్కమొహం వేసి.

"తెలుసు నాన్నా. మనదే."